జమ్ములో దాగే పక్షులకు దోనె మేలా, గట్టు మీద మాటు మేలా?

చలికాలం దగ్గరపడిందంటే పక్షుల ఫొటోలు తీసే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: జమ్ములోనూ తుంగలోనూ దాక్కునే పక్షుల కోసం దోనె మాట్లాడుకోవాలా, లేక గట్టున మాటు వేసుకుని కూర్చోవాలా? ఇది గూడబాతుల గురించో ఎర్రకాళ్ళ కొంగల గురించో అడిగే ప్రశ్న కాదు. కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రమైన ఆటపాకలో అవి గూళ్ళ మీద బాహాటంగా నిలబడి ఉంటాయి కనుక ఎలా వెళ్ళినా ఏదో ఒక ఫొటో దొరుకుతుంది. అడుగుతున్నది జమ్ములో దాగే చిన్న కొంగలైన బిటర్న్‌లు, నీటికోడి కుటుంబానికి చెందిన క్రేకులు, రైల్ జాతి పక్షులు, బురదలో మేసే పొడుగు ముక్కు పెయింటెడ్ స్నైప్ వంటి వాటి గురించి. ఏళ్ళ తరబడి ఒకే చెరువు చుట్టూ తిరిగినా ఇవి ఒక్కసారి కూడా కంటపడనివారు ఎందరో ఉన్నారు.

కొల్లేరు వంటి చోట దోనెకున్న బలాన్ని తక్కువ చేసి చెప్పడం న్యాయం కాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరుచుకుని, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2002లో చేరిన ఆ సరస్సులో కిక్కిస దుబ్బులు, జమ్ము పొదలు ఒడ్డుకే పరిమితం కావు. లోపలి నీళ్ళ వైపున్న వాటి అంచు గట్టు మీద నుంచి చూసేవారికి ఎప్పటికీ కనిపించదు. పసుపు బిటర్న్ చేపపిల్లల కోసం కాచుకుని ఉండేది తరచుగా ఆ అంచునే. పైగా గెడ వేసే మనిషి చిన్ననాటి నుంచి ఆ నీళ్ళ మీదే వేట సాగించినవాడైతే, ఏ పొద దగ్గర ఏ పిట్ట లేస్తుందో మన పుస్తకజ్ఞానం కంటే అతనికే బాగా తెలుస్తుంది. తామర ఆకుల మీద నడిచే జకానాలను, నీలి బొల్లికోళ్ళను దగ్గరగా చూడాలంటే నేనూ దోనెనే ఎంచుకుంటాను.

అయితే దాగి బతికే పక్షుల విషయంలో నా దృష్టిలో ఫలితాన్ని తేల్చేది మనం వాటికి ఎంత దగ్గరగా వెళ్ళగలమన్నది కాదు, ప్రమాదం వచ్చిందనుకున్నప్పుడు అవి ఏం చేస్తాయన్నది. బాతు మనిషిని చూడగానే ఎగిరిపోతుంది, గుడ్డికొంగ చివరిదాకా ఆగి తెల్లని రెక్కలు విప్పి లేస్తుంది, కాని ఈ పక్షులు ఎగరడానికి అంత సులభంగా సిద్ధపడవు. బిటర్న్ ముక్కును ఆకాశం వైపు నిక్కబొడిచి, మెడ మీది నిలువు చారలు జమ్ము కాడలతో కలిసిపోయేలా బిగుసుకుని నిలబడుతుంది. క్రేకులకూ రైల్ జాతికీ పక్కల నుంచి నొక్కినట్టుండే సన్నని శరీరం ఉంటుంది కనుక, ఆకు కూడా కదలకుండా కాడల సందుల్లోంచి లోపలికి జారిపోతాయి. పెయింటెడ్ స్నైప్ ఉన్నచోటే కదలక మెదలక బురదలో బురదగా మిగిలిపోతుంది. దోనె ఎంత మెల్లగా సాగినా అది వాటివైపు పెరుగుతూ వచ్చే ఒక పెద్ద ఆకారమే. గెడ నీళ్ళలో దిగిన ప్రతిసారీ పుట్టే అల పొద మొదళ్ళను తాకుతుంది, ఆ వెంటనే పక్షి బిగుసుకుంటుంది లేదా లోపలికి నడిచిపోతుంది. అందుకే దోనెలోంచి తీసిన బిటర్న్ ఫొటోలలో చాలావరకు అది భయంతో ముక్కు పైకెత్తి నిలబడినవే ఉంటాయి. అది వేటాడుతున్న, మెడ చాచి నీళ్ళలోకి తొంగిచూస్తున్న ఫొటోలు అరుదు.

గట్టు మీద కదలకుండా కూర్చున్న మనిషి విషయం వేరు. ఈ పక్షులు భయపడేది మన రూపానికి కంటే మన కదలికకు ఎక్కువ. మనం వచ్చినప్పుడు లోపలికి పోయిన క్రేకు, బయట అలికిడి ఆగిపోయాక మళ్ళీ తన మేత చోటికి వస్తుంది, ఎందుకంటే దాని ఆహారం ఆ బురద పట్టీ మీదే ఉంది. చెరువుల్లో నీరు తగ్గుతున్న కొద్దీ, సుమారు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, జమ్ముకూ నీటికీ మధ్య ఒకటి రెండు మీటర్ల వెడల్పున తడి బురద బయటపడుతుంది. పురుగులు, నత్తలు దొరికే ఆ పట్టీని చూసి చోటు ఎంచుకున్నవారికి పని సగం అయినట్టే. గత జనవరిలో కైకలూరు వైపు ఒక చిన్న చెరువు దగ్గర తెల్లవారకముందే కూర్చున్నాను. గంటకు పైగా తెల్లరొమ్ము నీటికోడి తప్ప ఏమీ రాలేదు. ఆ తరువాత పిచ్చుక కంటే ఏ కొంచెమో పెద్దదైన బెయిలన్స్ క్రేక్ తుంగలోంచి బయటికి వచ్చి, నాలుగడుగులు నడిచి లోపలికి వెళ్ళి, మళ్ళీ అదే సందులోంచి వచ్చింది. అలా అయిదుసార్లు వచ్చింది. అంతకు ముందు రోజు ఉదయమంతా దోనెలో తిరిగినప్పుడు ఆ జాతి ఒక్కటీ కనిపించలేదు. అది అక్కడ లేకపోలేదు, మేమే దాన్ని లోపలే ఉంచామని ఇప్పుడు అనుకుంటున్నాను.

కెమెరా లెక్కలు కూడా గట్టు వైపే మొగ్గుతాయి. 600 మిల్లీమీటర్ల లెన్సుతో, దాని రంధ్రాన్ని ఎఫ్ 6.3 దగ్గర ఉంచి, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాతో 8 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 6 సెంటీమీటర్లే. దోనె ముందుకు వెనక్కు ఆ మాత్రం ఊగినా ఫొటోలో పక్షి కన్ను మసకబారుతుంది. లెన్సులోని స్టెబిలైజేషన్ చేతి వణుకును సరిచేయగలదు కాని దోనె జరిగిన దూరాన్ని సరిచేయలేదు. దోనెలో షట్టర్ వేగం సెకనులో 1600వ వంతుకు తగ్గకుండా పెట్టాల్సి వస్తుంది, పొద నీడలో తెల్లవారు వెలుగుకు అది ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) విపరీతంగా పెంచుతుంది. నేల మీద సంచీకి ఆనించిన లెన్సుతో 500వ వంతుకే మెల్లగా నడిచే పక్షిని తీయవచ్చు.

ఎత్తు విషయంలో మాత్రం గట్టు దానంతట అది మేలు చేయదు. మీటరు ఎత్తు గట్టు మీద నిలబడితే కన్ను నీటికి రెండున్నర మీటర్ల పైన ఉంటుంది, పది మీటర్ల దూరంలోని పక్షిని 14 డిగ్రీల వంపున పైనుంచి చూసినట్టవుతుంది, వెనక అంతా బురదే వస్తుంది. అదే గట్టు దిగి, నీటి అంచున అర మీటరు ఎత్తులో లెన్సు పెడితే వంపు 3 డిగ్రీలకు తగ్గి, వెనక జమ్ము మెత్తని పచ్చదనంగా కరిగిపోతుంది. దోనెలో కూర్చున్నవారి కన్ను వీటి నడుమ ఉంటుంది.

లోపల దాక్కుని ఫొటోలు తీసే గుడ్డ గుడారం, అంటే హైడ్, కొనాలా అన్నది తరువాతి ప్రశ్న. నీరు తాగడానికి, బ్యాటరీ మార్చడానికి చేతులు కదిలించే వీలు ఇస్తుంది కనుక అది ఉపయోగమే, కాని ఎండ ఎక్కాక లోపల కూర్చోవడం కష్టం. మట్టి రంగు దుప్పటి కప్పుకుని, తూర్పు వీపు వెనక ఉండేలా కూర్చోగలిగితే చాలు.

కారులోంచి తీయడం పొలాల మధ్య రోడ్డు పక్క కాలువలకు బాగుంటుంది. వాచ్ టవర్ నుంచి పక్షులను లెక్కించవచ్చు, ఫొటో ఆశించకూడదు. ఫోనులో కూత వినిపించి పక్షిని బయటికి రప్పించడాన్ని నేను ఒక మార్గంగానే లెక్కించను. తన హద్దులోకి మరొకటి వచ్చిందనుకుని మేత మాని తిరిగే పక్షిని అలసిపోయేలా చేసి తెచ్చుకున్న ఫొటోకు విలువ లేదు.

వానాకాలంలో మాత్రం దోనెను నేను పూర్తిగా వద్దంటాను. అప్పుడే పసుపు బిటర్నులు జమ్ములో గూళ్ళు కడతాయి. పెయింటెడ్ స్నైపులలో రంగులున్న ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, పొదిగేదీ పిల్లలను తిప్పేదీ మగదే. దాన్ని లేపితే ఆ గుడ్లను కాచేందుకు మరొకటి ఉండదు. అభయారణ్యం హద్దుల్లో అటవీశాఖ అనుమతి ఎప్పుడూ తప్పనిసరి. చలికాలంలో రెండు రోజులు చేతిలో ఉంటే మొదటి ఉదయం దోనెలో తిరిగి బురద పట్టీ ఎక్కడ బయటపడిందో, దాని మీద సన్నని కాలిగుర్తులు ఎక్కడున్నాయో చూసి రండి, రెండో ఉదయం తెల్లవారకముందే వెళ్ళి అక్కడ గట్టున కూర్చోండి.