జీతం పెంచాలా, రిలీజ్ క్లాజ్ ఇవ్వాలా: ఏది మేలు?

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో చిన్న క్లబ్బు నడిపేవాళ్లకు ఈ టెన్షన్ తప్పదు. అకాడమీ కుర్రాడు ఒక సీజన్ బాగా ఆడగానే ఏజెంట్ వచ్చి కూర్చుంటాడు. జీతం పెంచండి, లేదంటే రిలీజ్ క్లాజ్ (ఇంత మొత్తం ఇచ్చే క్లబ్బుకు ఆటగాడిని వదిలేయాలనే షరతు) పెట్టండి అంటాడు. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర టీకి నిలబడినా మా ఫ్రెండ్స్ మధ్య ఇదే వాదన. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ఉన్న ఊరు కదా, మావాళ్లు ఆటలో కూడా స్పెయిన్ రెండో డివిజన్ క్లబ్బులే తీసుకుంటారు.

క్లాజ్ అంటే భయపడి జీతం పెంచేవాళ్లే మాలో ఎక్కువ. నేను మాత్రం చిన్న క్లబ్బుకు క్లాజే మేలంటాను. పెంచిన జీతం వారం వారం పోతూనే ఉంటుంది. కుర్రాడు మోకాలి దెబ్బతో ఆరు నెలలు కూర్చున్నా ఇవ్వాల్సిందే. తగ్గింపు షరతు రాసుకోకపోతే, జట్టు కింది డివిజన్‌కి పడిపోయినా ఇవ్వాల్సిందే. పైగా ఒకడికి పెంచితే మిగతావాళ్లూ అదే అంకె పట్టుకుని వస్తారు. క్లాజ్‌కి ఆ ఖర్చు లేదు.

అసలు ప్రాణమంతా అంకెలోనే ఉంది. ఆ మొత్తం ఇస్తామన్న క్లబ్బును మనం కాదనలేం. 2017లో పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 222 మిలియన్ యూరోలతో బ్రెజిల్ ఆటగాడు నేమార్‌ని తీసుకెళ్తుంటే బార్సిలోనా అంతటి క్లబ్బే ఆపలేకపోయింది. స్పెయిన్‌లో 1985 నాటి డిక్రీ ప్రకారం ఆటగాడు పరిహారం కట్టి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అందుకే అక్కడ క్లాజ్ ఉండాలా వద్దా అన్న మాటే రాదు, ఎంత అన్నదే బేరం. కుర్రాడి ఇవాళ్టి విలువ చూసి రాయకండి, రెండేళ్ల తర్వాత ఎంత పలుకుతాడో ఊహించి రాయండి. వేరే దేశాల్లో అయితే క్లాజ్‌ని విదేశీ క్లబ్బులకో, పై డివిజన్ క్లబ్బులకో పరిమితం చేయొచ్చు. అప్పుడు కుర్రాడు మన డివిజన్‌లోని ప్రత్యర్థి చేతికి చిక్కడు.

మూడో దారి బోనస్‌లు: ఆడిన మ్యాచ్‌కి ఇంత, గోల్‌కి ఇంత. జీతం దగ్గర మాట తెగనప్పుడు నేను మొదట కదిపేది వీటినే. క్లబ్బులో అందరికంటే ఎక్కువ తీసుకునేవాడితో సమానంగా ఇవ్వాలనే షరతు అడిగితే మాత్రం బేరం అక్కడే ఆపేయండి, ఎంత మంచి ఆటగాడైనా సరే.

ఏది ఎంచుకున్నా, కాంట్రాక్టులో రెండేళ్లు మిగిలుండగానే మాట్లాడండి. చివరి ఆరు నెలల్లో ఆటగాడు వేరే దేశం క్లబ్బుతో ముందే సంతకం చేసుకోవచ్చు. 1995లో బోస్మన్ అనే ఆటగాడి కేసులో యూరప్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, యూరప్‌లో గడువు ముగిసి వెళ్లిపోయేవాడి మీద ట్రాన్స్‌ఫర్ ఫీజు అడిగే హక్కు క్లబ్బుకు లేదు.