సుద్దతో గీసిన బరోక్ బొమ్మల కోసం లండన్, బొలోన్యా, రోమ్

బరోక్ (16వ శతాబ్దం చివర్లో ఇటలీలో మొదలైన కళాశైలి) చిత్రకారులు మనిషి ఒంటిని గీయడం ఎలా సాధన చేశారో చూడాలంటే నేరుగా ఇటలీకి వెళ్లకండి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని డ్రాయింగుల స్టడీ రూమ్‌తో మొదలుపెట్టండి. వెలుతురుకు పాడవుతాయని ఈ బొమ్మల కాగితాలను శాశ్వతంగా గోడకు వేలాడదీసి ఉంచరు. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే డబ్బులేమీ తీసుకోకుండా మన ముందే తెచ్చి పెడతారు. రాసుకోవడానికి పెన్సిల్ ఒక్కటే తీసుకెళ్లండి. సిబ్బంది చాలా ఓపిగ్గా చూపించారు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది 17వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు గ్వెర్చినో ఎర్ర సుద్దతో గీసిన బొమ్మ దగ్గర. భుజానికి ముందు లేతగా ఒక గీత పెట్టాడు, నచ్చలేదేమో, పక్కనే నొక్కి ఇంకొకటి గీశాడు. నీడ ఉన్నచోట సుద్దను మెత్తగా రుద్దాడు, వెలుగు పడ్డచోట కాగితాన్ని అలాగే వదిలేశాడు. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో కూడా తెలుస్తుంది. పుస్తకాల్లోని ఫోటోల్లో ఇదంతా కనిపించదు.

తర్వాత ఇటలీలోని బొలోన్యా. అన్నదమ్ములు అనిబాలే, అగోస్తీనో, వాళ్ల దాయాది లుదొవీకో, ఈ ముగ్గురు కరాచ్చీ చిత్రకారులు 1582 ప్రాంతంలో చిత్రకళ అకాడమీ పెట్టింది ఇక్కడే. మనిషిని ఎదురుగా పెట్టుకుని గీయడం అక్కడ సంగీతంలో సరళీ స్వరాల్లాంటిది, మానకుండా చేయాల్సిందే. పలాజ్జో ఫావా అనే భవనంలో 1584 నాటికి ముగ్గురూ కలిసి వేసిన గ్రీకు వీరుడు జేసన్ కథల ఫ్రెస్కోలు (తడి సున్నపు పూత మీద వేసే బొమ్మలు) ఉన్నాయి. పినకోతెకా అనే చిత్రాల మ్యూజియం కూడా చూడదగ్గదే. బస మాత్రం నిరాశపరిచింది: స్టేషన్ దగ్గరి హోటల్లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసులు మేమే మోసుకోవాల్సి వచ్చింది. ట్రేడ్ ఫెయిర్లు జరిగే రోజుల్లో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి, తేదీలు చూసుకుని బుక్ చేసుకోండి. శాకాహారులు తోర్తెల్లీని (కూరిన చిన్న పాస్తా) అడక్కండి, లోపల మాంసం ఉంటుంది.

ఫాస్ట్ ట్రెయిన్‌లో రోమ్‌కి రెండు గంటల పైచిలుకు. అక్కడి పలాజ్జో ఫార్నేసే అనే పాత భవనం ఇప్పుడు ఫ్రెంచ్ ఎంబసీ. గైడెడ్ టూర్ ముందే బుక్ చేసుకోవాలి, పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. అక్కడి గ్యాలరీ పైకప్పుకి 1597లో అనిబాలే వేయడం మొదలుపెట్టిన ఫ్రెస్కోల్లో కూర్చున్నట్టున్న నగ్న యువకుల వీపులు, మోకాళ్లు చూడండి. ఇలాంటి బొమ్మలకు అతను నీలి కాగితం మీద నల్ల సుద్దతో మోడల్‌ని గీసి, వెలుగుకి తెల్ల సుద్ద అద్దేవాడు. కాగితం రంగే మధ్యస్థమైన నీడగా పనికొచ్చేది. లండన్‌లో ఆ కాగితాలు చూసి రావడం వల్లే ఒక్కో కండరం వెనక ఎంత సాధన ఉందో నాకు తెలిసింది.

మన పాస్‌పోర్ట్‌కి బ్రిటన్ వీసా వేరు, ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా వేరు. రెండిటికీ టైమ్ పెట్టుకోండి. ఖర్చు తగ్గించాలంటే బొలోన్యాలో ఒక రాత్రి తగ్గించండి గానీ స్టడీ రూమ్ మాత్రం వదులుకోవద్దు.