నారు పోయాలా, నేరుగా విత్తాలా? పెరటి తోటకు ఏది మేలు

టమాటా గింజను నేరుగా మడిలో వేసినా మొలుస్తుంది. క్యారెట్ నారు పోసి నాటినా బతుకుతుంది. కానీ బతకడం వేరు, సరిగ్గా కాపుకు రావడం వేరు. ఏ పద్ధతి మేలో ముందు మొక్క వేరును చూసి తేల్చుకోవాలి. కాలం సంగతి ఆ తర్వాత.

క్యారెట్, ముల్లంగిలో మనం తినేది తల్లివేరునే. నారు పీకేటప్పుడు దాని కొస తెగితే దుంప రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. వీటికి నేరుగా విత్తడమే దారి, ఇందులో రెండో మాట లేదు. బీట్‌రూట్ నాటును కాస్త ఓర్చుకుంటుంది గానీ దానికీ ఇదే సుఖం. కొత్తిమీర, మెంతి కూడా వేరు కదిపితే ఒప్పుకోవు. నాటిన కొత్తిమీర ఆకు పెట్టకుండానే పూతకు పోతుంది. ధనియంలో రెండు గింజలుంటాయి కాబట్టి, చితికిపోకుండా మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తాలి. చిక్కుడు, బీన్స్, బెండ గింజలు పెద్దవి, మొలక బలంగా వస్తుంది. వాటికి నారుమడి అనవసరపు శ్రమ. బెండ గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి 2 సెంటీమీటర్ల లోతున వేయండి. బీన్స్ గింజను మాత్రం నానబెట్టకండి, నీరు ఎక్కువ పీల్చి బద్దలుగా విడిపోయి కుళ్లుతుంది.

లోతుకు ఒక లెక్క ఉంది: గింజ మందానికి రెండు మూడు రెట్లు. తోటకూర వంటి సన్న గింజలను నాలుగైదు రెట్ల ఇసుకతో కలిపి చల్లి, పైన పలచగా మట్టి రాలిస్తే చాలు. నేరుగా విత్తినవాళ్లు ఎక్కువగా తప్పే చోటు పలచన చేయడం. మొలిచిన మొక్కను పీకడానికి చేయి రాదు. కానీ ముల్లంగి, క్యారెట్ మొక్కల మధ్య 5 సెంటీమీటర్లైనా లేకపోతే ఆకు గుబురుగా ఎదుగుతుంది, కింద దుంప ఊరదు. బీట్‌రూట్‌లో ఒక్కో గింజ నిజానికి కొన్ని గింజల ముద్ద, ఒకేచోట మూడు నాలుగు మొలకలు లేస్తాయి. బలమైనదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే ఉంచిన మొక్క వేరు కూడా కదులుతుంది.

టమాటా, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లికి నారే మేలు. మిరప మొలవడానికే 8 నుంచి 14 రోజులు తీసుకుంటుంది. అన్నాళ్లూ మడంతా తడుపుతూ కలుపు తీయడం కంటే ఒక ట్రేను కాపాడుకోవడం తేలిక. పైగా నారు ఎదిగే నెల రోజుల్లో ఆ మడిలో ఒక విడత తోటకూర కోసుకోవచ్చు. చోటు తక్కువున్న తోటకు ఇది చిన్న లాభం కాదు.

ట్రేలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమానంగా కలిపి, గింజను అర సెంటీమీటరు లోతున వేయండి. మొలక కనిపించిన రోజునే వెలుతురులోకి తేవాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడ సన్నగా సాగి వాలిపోతుంది. నారు పెంపకంలో పెద్ద శత్రువు నారుకుళ్లు. నిన్న నిటారుగా ఉన్న మొక్క ఈరోజు మొదలు దగ్గర నీరుపట్టినట్టై పడిపోతుంది. ఒత్తుగా చల్లడం, సాయంత్రం తడపడం, గాలి ఆడకపోవడం దీనికి కారణాలు. ఉదయమే, పైమట్టి ఆరితేనే నీళ్లు పోయండి.

టమాటా నారు 25–30 రోజులకు, వంగ 30–35కు, మిరప 35–45కు నాటుకు వస్తాయి. అంతకు వారం ముందు నీళ్లు తగ్గించి ఎండ పెంచుతూ పోవాలి. నాటు సాయంత్రమే వేయాలి. టమాటా కాడను కింది ఆకులు తీసి లోతుగా పాతితే ఆ కాడకూ వేర్లు వస్తాయి. మిరపను మాత్రం ట్రేలో ఉన్న మట్టం వరకే నాటండి.

బీర, కాకర, సొర, దోసకు రెండూ కుదురుతాయి. పాదులో నేరుగా మూడు గింజలు వేసి ఒకటి రెండు మొక్కలు ఉంచుకోవచ్చు, లేదా కాగితపు కప్పుల్లో పెంచి 12–15 రోజులకే మట్టి ముద్ద చెదరకుండా పాదులోకి మార్చవచ్చు. నెల దాటితే వేర్లు కప్పులో చుట్టుకుపోయి తీగ సాగదు.

ఇక కాలం. జోరు వానల్లో సన్న గింజలు కొట్టుకుపోతాయి, పైమట్టి పొరకట్టి మొలకను బయటికి రానివ్వదు. అప్పుడు నారును చూరు కింద పెంచి, ముసురు పట్టిన సాయంత్రం నాటితే ఒక్క మొక్కా వాడదు. ఎండాకాలంలో చిక్కు తిరగబడుతుంది: నాటిన నారుకు నాలుగైదు రోజులు నీడ తప్పనిసరి, విత్తిన మడికి మొలక వచ్చేదాకా తడి గోనెపట్టా కప్పాలి. మొలక తొంగిచూడగానే పట్టా తీసేయకపోతే మొక్కలు పాలిపోతాయి. చలిలో మిరప, వంగ గింజలు బయట మడిలో మొలవక కుళ్లుతాయి. 25–30 డిగ్రీల వెచ్చదనం దొరికే ఇంటిలోపల మొలిపించడమే మార్గం.

నారు ముదిరితే మాత్రం ఆశ పెట్టుకోకండి. ముఖ్యంగా కాలీఫ్లవర్: 5 వారాలు దాటిన నారు నాటితే ఆకు ఎదగకముందే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది. అలాంటి నారును వదిలేసి మళ్లీ గింజ వేసుకోవడమే నయం.