కాలేజీకి వెళ్లే పిల్లలకు ఏమిస్తే మేలు?

నేను హాస్టల్‌కి వెళ్లేటప్పుడు నాకు వచ్చిన బహుమతుల్లో పెన్ను సెట్లే మూడు. రెండు అలారం గడియారాలు. ఒక పెద్ద ఫొటో ఫ్రేము కూడా వచ్చింది కానీ, గోడకి మేకు కొట్టనివ్వలేదు కాబట్టి నాలుగేళ్లూ మంచం కిందే ఉంది. అప్పుడు నన్నెవరూ ఏం కావాలని అడగలేదు. అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు, వెళ్లేదాకా ఏం కావాలో తెలియదు కదా.

ఇప్పుడు మా పిన్ని కూతురు వెళ్తోంది. అందుకే వారం రోజులుగా ఇదే లెక్క.

మొదట పెద్ద ఖర్చు సంగతి: ల్యాప్‌టాప్ కొనివ్వాలా, ఆ డబ్బు చేతికివ్వాలా? కోర్సు మొదలయ్యేదాకా ఆగగలిగితే డబ్బే మేలు. కారణం ఉంది. మెకానికల్ వాళ్లు వాడే సాలిడ్‌వర్క్స్, ఆర్కిటెక్చర్ వాళ్లు వాడే రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీద నడుస్తాయి, మ్యాక్‌లో నేరుగా నడవవు. మనం ముచ్చటపడి సన్నగా, అందంగా ఉన్నదేదో కొనిచ్చేస్తే, నెల తిరక్కుండానే ఆ పిల్ల ల్యాబ్ కంప్యూటర్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురు చూస్తుంది. చరిత్రో సాహిత్యమో చదివేవాళ్లకైతే తేలికపాటి మెషీన్ చాలు, దానికి బోలెడు డబ్బు పోయడం దండగ. ఇప్పుడే కొనక తప్పదంటే మెమరీ (ర్యామ్) 8 జీబీ కాకుండా 16 జీబీ ఉన్నది చూడండి. చాలా సన్నని మోడళ్లలో తర్వాత పెంచుకోవడం కుదరదు.

డబ్బు ఇస్తే "ఏం ఆలోచించకుండా కవరు చేతిలో పెట్టారు" అనిపిస్తుందేమో అని ఒక బెంగ. నాకూ ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

తర్వాతది పవర్ బ్యాంకా, ఎక్స్‌టెన్షన్ బాక్సా? అందరూ పవర్ బ్యాంకే ఇస్తారు. 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) అని రాసి ఉంటే 5,000 ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు నిండుతుందనుకుంటాం. నిండదు. ఆ అంకె లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. బయటికి 5 వోల్టులుగా మారి వచ్చేసరికి కొంత వేడికి పోగా 6,000 చిల్లర మిగులుతుంది. వెనక చిన్న అక్షరాల్లో ఉండే రేటెడ్ కెపాసిటీ అదే. ఫోను ఒకటిన్నర సార్లు నిండితే గొప్ప. విమానంలో వెళ్లే పిల్లలైతే ఇంకో సంగతి, దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు. మామూలుగా 100 వాట్ అవర్ల (బ్యాటరీలో ఉండే శక్తికి కొలత) దాకా ఒప్పుకుంటారు. 20,000 ఎంఏహెచ్ అంటే ఆ 3.7 వోల్టుల లెక్కన 74 వాట్ అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక గది ఎలా ఉంటుందో తలుచుకోండి. ఉన్న ఒక్క ప్లగ్ పాయింటూ మంచం వెనకాల గోడకి, ఇంకో అమ్మాయి తలగడ పక్కన. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి దూర్చితే తప్ప ఛార్జర్ అందదు. అలాంటి గదిలో పొడవాటి వైరుతో, ఓవర్‌లోడ్ అయితే దానంతటదే ఆగిపోయే ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చిన అమ్మాయికి మొదటి రోజే ముగ్గురు స్నేహితులు. పవర్ బ్యాంకు ప్రయాణాల్లో పనికొస్తే, ఇది రోజూ పనికొస్తుంది. నా ఓటు దీనికే. ఎక్స్‌టెన్షన్ బాక్సులను ఒప్పుకోని హాస్టళ్లూ ఉంటాయి కాబట్టి ముందు కనుక్కోండి. దాన్ని చూసుకుని కెటిల్ మాత్రం కొనివ్వకండి. చాలాచోట్ల గదుల్లో కెటిళ్లు పెట్టనివ్వరు, పైగా ఒక్కో కెటిల్ 1,500 వాట్లు లాగుతుంది.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ గురించి రెండు ముక్కలు. ఫ్యాను, బస్సు ఇంజను లాంటి ఒకే తీరు మోతను అవి బాగా అణుస్తాయి. పక్క మంచం మీది అమ్మాయి అర్ధరాత్రి ఫోన్లో మాట్లాడితే మాత్రం మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఆ పనికి పిడికెడు ఫోమ్ ఇయర్ ప్లగ్స్ చాలు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపల పెట్టి అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే చెవిలో కుక్కితే ఉపయోగం లేదు. అన్నట్టు, అవి పెట్టుకుని పడుకుంటే అలారం కూడా వినపడకపోవచ్చు.

బ్యాగ్, వాచ్ వాళ్లనే కొనుక్కోనివ్వండి. ఆ వయసులో మన అభిరుచి వాళ్లకి నచ్చదు.

ఇక చేత్తో చేసి ఇచ్చేవి. ఫొటోల ఆల్బమ్, లేదంటే "ఇల్లు గుర్తొచ్చినప్పుడు తెరువు", "పరీక్ష పోయినప్పుడు తెరువు" అని పైన రాసి ఇచ్చే ఉత్తరాలు. ఫొటోలు ఎలాగూ ఫోన్లో ఉంటాయి కాబట్టి ఉత్తరాలే మేలు. కాకపోతే ఓపికగా రాయాలి. మూడు రాసి ఆపేసినా ఫర్వాలేదు, ఇరవై రాయాలని కూర్చుని అన్నిట్లోనూ "ధైర్యంగా ఉండు" అని రాస్తే రెండోది చదివాక మూడోది తెరవరు.

నాకు వచ్చినవాటిలో ఇప్పటికీ నా దగ్గర మిగిలింది ఒక్కటే, పిన్ని ఇచ్చిన పాత రేకు డబ్బా. అందులో ఎనిమిది సూదులు, నాలుగింటికి తెల్లదారం, నాలుగింటికి నల్లదారం ముందే ఎక్కించి ఉన్నాయి. నా కుర్తాల నుంచి తీసిన అదనపు గుండీలు చిన్న కాగితం పొట్లాల్లో కట్టి, ఏది ఏ కుర్తాదో పైన పెన్సిల్‌తో రాసింది. అప్పుడు నవ్వుకున్నాను. మూడో వారంలో ప్రెజెంటేషన్‌కి పది నిమిషాల ముందు గుండీ ఊడింది. దారం ఎక్కించే పని లేకపోవడం ఎంత హాయో ఆరోజే తెలిసింది. తర్వాత మా వింగ్‌లో ఎవరి గుండీ ఊడినా నా గది తలుపే తట్టేవాళ్లు.

కాబట్టి పిన్ని కూతురికి ఎక్స్‌టెన్షన్ బాక్సు, అలాంటిదే ఒక డబ్బా ఇస్తున్నాను. డబ్బు కవరు ఆ డబ్బా అడుగున, గుండీల పొట్లాల కింద పెడతాను. నిన్న పిన్నికి ఫోన్ చేసి పిల్ల బట్టల గుండీలు పంపమన్నాను. "నీకెందుకే అవి?" అంది పిన్ని. తను ఇచ్చిన డబ్బా సంగతి తనకి గుర్తే లేదు.

రాత్రి కూర్చుని నాలుగు సూదులకి తెల్లదారం ఎక్కించాను. నల్లదారం పగటి వెలుతుర్లో ఎక్కించాలి, లైటు కింద కనపడటం లేదు.