ఆటోనగర్ ఎలక్ట్రికల్ షెడ్డులో మా పాత పికప్ ఇగ్నిషన్ స్విచ్ మరమ్మతు

మా ఇంట్లో 2007 మోడల్ డీజిల్ పికప్ ఒకటి ఉంది. మెకానికల్ డీజిల్ పంపుతో నడిచే బండి కావడంతో దానిలో కంప్యూటరు, సెన్సార్ల గొడవ ఏమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో నూజివీడు దగ్గరి తోటల నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కు మామిడికాయలు వేయడానికి, మిగిలిన కాలంలో ఎరువులు, పైపులు మోయడానికి ఉపయోగపడే ఈ బండి, గత సీజనులో తాళం తిప్పినా స్టార్ట్ కాకుండా మమ్మల్ని దాదాపు నెల రోజులు ఏడిపించింది. చివరకు విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఎలక్ట్రికల్ షెడ్డులో దాని జబ్బు కుదిరింది. ఆ షెడ్డుకు బోర్డు లేదు, మేస్త్రి గారు తన పేరు రాయవద్దన్నారు కాబట్టి ఇక్కడ పని గురించే రాస్తున్నాను.

ముందుగా బండి ఏం చేసేదో చెప్పాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే సెల్ఫ్ అందుకునేది. లోడు దింపి, ఇంజను వేడి మీద ఉండగా మళ్ళీ తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు పలికేది కాదు, బానెట్ కింద టక టక మనే చప్పుడు మాత్రం వినిపించేది. తాళంచెవిని కాస్త ఎడమకు వంచి, మళ్ళీ కుడికి నొక్కిపట్టి తిప్పితే అయిదోసారికో ఆరోసారికో స్టార్ట్ అయ్యేది. కొన్నాళ్ళకు గతుకుల రోడ్డు మీద మీటరు బోర్డులోని లైట్లు ఆరి వెలగడం మొదలైంది. ఒకరోజు ఆగిరిపల్లి దాటాక మలుపులో క్లచ్ తొక్కగానే ఇంజనే ఆగిపోయింది. మా బండి పంపుకు ఉన్న స్టాప్ సాలెనాయిడ్‌కు, అంటే కరెంటుతో డీజిల్ దారిని తెరిచి ఉంచే కవాటానికి, తాళం ద్వారా కరెంటు అందుతున్నంతసేపే డీజిల్ నడుస్తుంది, స్విచ్ లోపల కాంటాక్టు ఒక్క క్షణం విడిపోయినా డీజిల్ ఆగిపోతుంది. ఇంజను ఆగితే, మనం తొక్కే బలాన్ని పెంచే బ్రేక్ బూస్టరుకు వాక్యూమ్ అందదు గనుక రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. వెనుక టన్నుకు పైగా కాయ ఉండగా ఆ అనుభవం ఎలా ఉంటుందో వర్ణించనవసరం లేదు.

ఆటోనగర్‌కు వెళ్ళడానికి ముందు మాకు దగ్గరలోని మరో చోట ఈ బండికి మూడుసార్లు పని చేయించాం. మొదట బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. వారం రోజులకు చప్పుడు మళ్ళీ మొదలైతే ఇగ్నిషన్ స్విచ్ మార్చారు, ఆ కొత్త స్విచ్ కూడా ఇరవై రోజులు దాటకుండానే పాతదాని దారి పట్టింది. మూడోసారి స్విచ్ జోలికి పోకుండా, డాష్‌బోర్డుకు బొటనవేలంత రంధ్రం చేసి, కాలింగ్ బెల్లుకు పెట్టేలాంటి పుష్ బటన్ బిగించి, ఇక దానితోనే స్టార్ట్ చేసుకోమన్నారు. ఆ బటన్‌కు లాగిన వైరుకు ఫ్యూజు లేదు, పైగా అది లైటింగు పనులకు వాడే సన్నటి వైరు. ఈ మూడుసార్లలో ఒక్కసారైనా ఎవరూ మీటరు పెట్టి చూడలేదు.

ఆటోనగర్ మేస్త్రి గారికి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. నేను కథంతా చెబుతుంటే సగంలోనే ఆపి, "బ్యాటరీ కొత్తదేనాండీ?" అని మాత్రం అడిగారు. బండిని న్యూట్రల్‌లో పెట్టించి, హ్యాండ్ బ్రేకు వేయించి, బ్యాటరీ నుంచి, సెల్ఫ్ మోటారుకు కరెంటు దారి తెరిచే సాలెనాయిడ్ సన్నవైరు టెర్మినల్‌కు నేరుగా ఒక మందపాటి వైరు తాకించగానే మోటారు గిర్రున తిరిగింది. బ్యాటరీ, మోటారు రెండూ బాగున్నాయని అర నిమిషంలో తేలిపోయింది. తరువాత తాళం తిప్పి పట్టుకోమని నాకు చెప్పి మల్టీమీటరు పెట్టారు. సెల్ఫ్ పలకకుండా టక టక మంటున్న ఆ సమయంలో బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉన్నాయి, సాలెనాయిడ్ దగ్గర 7 మాత్రమే కనిపించాయి. మధ్యలో మాయమైన 5 వోల్టులు ఎక్కడ పోతున్నాయో ఒక్కొక్క చోటా కొలుచుకుంటూ స్టీరింగు కిందికి వచ్చారు. మూడు వోల్టులు స్విచ్ లోపలే పోతున్నాయి, మరొకటి స్విచ్‌కు తగిలించే కప్లరులో, మిగిలింది అక్కడి నుంచి ఇంజను వరకు పోయే పాత వైరులో పోతోంది. మంచి లైనులో ఇది అర వోల్టు కూడా దాటకూడదని ఆయన అన్నారు.

స్విచ్ విప్పేముందు పది నెంబరు స్పానరుతో బ్యాటరీ ఎర్త్ తీసి పక్కన పెట్టారు. చిన్న విషయమే అయినా, స్టీరింగు కింద ఎప్పుడూ కరెంటు ఉండే లావుపాటి మెయిన్ వైరు బాడీకి తగిలితే ఏమవుతుందో తెలిసినవారే ఆ జాగ్రత్త తీసుకుంటారు. మామూలుగా మనం ఇగ్నిషన్ స్విచ్ అనే దానిలో రెండు భాగాలు ఉంటాయి. ముందువైపు తాళంచెవి దూరే లాకు, దాని వెనుక కాంటాక్టులు ఉండే స్విచ్ ముక్క. మాకు లాకు బాగానే ఉంది కాబట్టి దాన్ని ఉంచేసి వెనుక ముక్కను మాత్రమే తీశారు, అందువల్ల తాళంచెవి మార్చుకోవలసిన అవసరం రాలేదు. ఆ ముక్కను విప్పి నా అరచేతిలో పెట్టారు. మినపగింజంత రాగి కాంటాక్టు ఒకటి నల్లగా మాడి మధ్యలో గుంట పడింది, పక్కనున్న ప్లాస్టిక్ మెత్తబడి దాని మీదికి జారింది, లోపలి గ్రీజు కాఫీ డికాషన్ రంగుకు తిరిగింది. ఇరవై రోజులు వాడిన స్విచ్ అది. కప్లరులో కూడా ఆ వైరు తగిలే క్లిప్పు నీలి రంగుకు మారి, వదులైపోయి, పైన తొడుగు గోటితో గీరితే పెళుసుగా ఊడి వచ్చింది.

"తప్పు స్విచ్‌ది కాదండీ, దాని నెత్తిన పెట్టిన బరువుది" అన్నారు మేస్త్రి గారు. ఆయన చెప్పిందాని సారాంశం ఇది. సెల్ఫ్ మోటారుకు వెళ్ళే అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి కేబులులో నేరుగా పోతుంది, కానీ ఆ దారిని తెరిచే సాలెనాయిడ్‌లోని కాయిలు మొదటి క్షణంలో పదుల ఆంపియర్లు లాగుతుంది. మా బండి వైరింగులో మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, లేకపోవడంతో ఆ కరెంటంతా తాళం వెనుక ఉన్న ఆ మినపగింజ మీదుగానే పోతోంది. తిప్పిన ప్రతిసారీ ఒక నిప్పురవ్వ, ప్రతి రవ్వకూ కాస్త మసి, మసి పెరిగేకొద్దీ వేడి, వేడికి క్లిప్పు వదులు కావడం, దానితో మరింత వేడి. వోల్టులు సరిపడా అందక సాలెనాయిడ్ పట్టీ పట్టక వదిలేస్తుంటే వచ్చేదే ఆ టక టక చప్పుడు. మామిడి సీజనులో రోజుకు నలభైసార్లు ఆపి స్టార్ట్ చేసే బండికి కొత్త స్విచ్ ఎన్నిసార్లు వేసినా నిలవకపోవడానికి కారణం అదే.

ఆయన చేసిన మరమ్మతు మూడు పనులుగా సాగింది. స్విచ్ ముక్కను కొత్తది వేశారు. కాలిన క్లిప్పును కోసేసి, వైరును మంచి రాగి కనిపించేవరకు వెనక్కి ఒలిచి, మెలిపెట్టి టేపు చుట్టకుండా కొత్త క్లిప్పును ప్రెస్ చేసి పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగారు. అసలైన మూడో పని రిలే. నాలుగు పిన్నుల రిలే ఒకటి తెచ్చి, 30, 87 పిన్నుల మీదుగా బ్యాటరీ నుంచి సాలెనాయిడ్‌కు ఫ్యూజుతో కూడిన కొత్త మందపాటి వైరు వేసి, తాళం నుంచి వచ్చే పాత వైరును 86కు, ఎర్త్‌ను 85కు కలిపారు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టేటప్పుడు తాళం మోయవలసింది రిలే కాయిలు లాగే కరెంటు మాత్రమే, అది ఒక ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు. అన్నీ బిగించాక మళ్ళీ మీటరు పెట్టి, బ్యాటరీకీ సాలెనాయిడ్‌కూ మధ్య తేడా 0.3 వోల్టులకు దిగిందని నాకు చూపించిన తరువాతే పరికరాలు సర్దుకున్నారు. నలభై ఏళ్ళుగా బళ్ళు చూస్తున్నాను, చేసిన పనిని అంకెలో చూపించిన మేస్త్రి నాకు ఈయనే.

డబ్బు తీసుకునేముందు నా తాళాల గుత్తిని చేతిలోకి తీసుకుని తూచినట్టు ఊపి, ఇదేమిటన్నారు. అందులో ఇంటి తాళాలు, గోదాము తాళం, మోటారు షెడ్డు తాళం, ఒక ఇత్తడి నరసింహస్వామి బిళ్ళ ఉన్నాయి. తరువాత తోటలో కాయలు తూచే కాటా మీద పెడితే పావు కిలోకు దగ్గరగా తూగింది. బండి కుదుపులకు ఆ బరువంతా లాకులో వేలాడుతూ ఊగుతూ ఉంటే లోపలి కాంటాక్టు కదలక ఏమవుతుంది? ఇది చాదస్తమేమీ కాదు. 2014లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది కూడా, స్విచ్‌కు తగినంత బిగువు లేక, నడుస్తుండగానే తాళం జారి ఇంజను ఆగిపోయి, ఎయిర్‌బ్యాగులు పనిచేయకపోవడం వల్లనే. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయినట్టు కంపెనీ పెట్టిన పరిహార నిధి నిర్ధారించింది. మరమ్మతు అయ్యేవరకు గుత్తి తీసేసి ఒంటి తాళంచెవితోనే నడపమని యజమానులకు చెప్పారు. స్వామివారి బిళ్ళ ఇప్పుడు మా డాష్‌బోర్డు మీద ఉంది.

ఖర్చు విషయానికి వస్తే స్విచ్ ముక్కకు 650, రిలే, సాకెట్టు, వైరు, ఫ్యూజులకు కలిపి 480, కూలి 600, మొత్తం 1,730 రూపాయలు అయింది. అంతకు ముందు అవసరం లేకుండా కొన్న బ్యాటరీ ఖరీదులో ఇది మూడో వంతు కూడా కాదు. స్విచ్‌లో చవక రకం, కంపెనీ రకం రెండూ తెప్పించి, రెండింటినీ తిప్పి చూపించి ఎంచుకోమన్నారు. చవక రకంలో తాళం వదిలాక వెనక్కి తెచ్చే స్ప్రింగు నీరసంగా ఉంది. అది వెనక్కి రాకపోతే ఇంజను స్టార్ట్ అయ్యాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉండి మోటారు కాలిపోతుంది కాబట్టి రెండోదే తీసుకున్నాను.

ఇక నచ్చని సంగతులు. గంటలో అయిపోతుందన్న పని సాయంత్రం అయిదుకు గాని పూర్తి కాలేదు, మధ్యలో ఆయన మరో రెండు బళ్ళు పట్టుకున్నారు. బిల్లు ఇవ్వరు, అడిగితే సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క వేసి ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైనది, రిలేను ఇంజను పక్కన పిన్నులు పైకి ఉండేలా బిగించడంతో జూన్‌లో మొదటి వానకే సాకెట్టులో నీళ్ళు చేరి సెల్ఫ్ మళ్ళీ పలకలేదు. బండి తీసుకువెళితే తన పొరపాటేనని ఒప్పుకుని, పిన్నులు కిందికి తిప్పి, పైన రబ్బరు తొడుగు వేసి, పైసా తీసుకోలేదు. అయినా ఇంత అనుభవమున్న మనిషి మొదటిసారే చేయవలసిన పని అది. అప్పటి నుంచి ఎనిమిది నెలలుగా ఒక్క తిప్పుకు స్టార్ట్ అవుతోంది.

వెళ్ళాలనుకునేవారు ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళి, మీ బండి అయ్యేవరకు అక్కడే కూర్చోవాలి. పాత పుష్ బటన్ తీసేశారు గాని డాష్‌బోర్డులో ఆ రంధ్రం అలాగే వదిలేశారు, దానికి బిరడా కూడా మనమే వెతుక్కోవాలి.