మూడు రెక్కల అట్ట తెర: ఓటు గుట్టు ఎంతవరకు దాస్తుంది?

సంఘాల ఎన్నికల్లో బల్లమీద నిలబెట్టే మడత అట్ట తెర ఇది. విప్పి పెట్టడానికి నిమిషం కూడా పట్టదు, మడిస్తే బీరువా వెనక ఇమిడిపోతుంది. 5కి 3 మార్కులు. తగ్గించిన ఆ రెండూ తెర తప్పులకు కావు, దాన్ని నిలబెట్టగానే పనైపోయిందనుకునే ధీమాకు.

60 సెం.మీ. ఎత్తుకు తక్కువైనది కొనకండి. పొట్టి తెర కాగితాన్ని దాస్తుంది కానీ మోచేతిని దాచదు. పోటీలో ఇద్దరే ఉంటే చెయ్యి పైగడిలో ఆగిందా, కిందికి జారిందా అన్నది చాలు. తెరను గోడకు ఆనించి పెట్టడం ఇంకో పొరపాటు. తెరిచిన వైపు హాలుకేసి ఉంటే వచ్చేపోయేవాళ్లందరికీ కాగితం కనబడుతుంది. ఓటరు వీపే గోడవైపు ఉండాలి. ఆ గోడకు కిటికీ, నెత్తిమీద సీసీ కెమెరా లేకుండా చూసుకోండి.

స్కెచ్ పెన్ను పెట్టొద్దు. పలచటి కాగితంలో సిరా అవతలికి దిగి, మడిచినా గుర్తు ఎక్కడుందో తెలిసిపోతుంది. రబ్బరు ముద్ర వాడితే కాగితాన్ని ముందు నిలువుగా మడవమనండి. తడి సిరా అంటుకున్నా అదే అభ్యర్థి వరసలో అంటుతుంది, ఓటు మురిగిపోదు.

అసలు చిక్కు నంబరుతో. బ్యాలెట్ మీద నంబరు వేసి, అదే నంబరు జాబితాలో పేరు పక్కన రాస్తే ఏ తెరా ఓటరుకు నమ్మకం కలిగించదు. అలాగని నంబరే లేకపోతే, ఓటు కొనేవాడు గుర్తేసిన కాగితం బయటే ఓటరు చేతికిచ్చి, లోపల ఇచ్చిన ఖాళీది తెమ్మనే గొలుసు మోసానికి దారి దొరుకుతుంది. విరుగుడు చిన్నదే: నంబరు చింపేసే అంచు మీద మాత్రమే ఉండాలి. పెట్టె దగ్గర, ఇచ్చిన నంబరే తిరిగొచ్చిందని సరిచూసి, అంచు చింపి, అప్పుడు కాగితం వేయించాలి.

ఫోన్ ముందు తెర చేతులెత్తేస్తుంది. ఓటును ఫొటో తీసి చూపించగలిగినంత కాలం కొనేవాళ్లు ఉంటారు. ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించండి. పాడైన కాగితం వెనక్కిచ్చి కొత్తది తీసుకునే వీలుంటే, ఫొటో ఉన్నా అదే ఓటు పెట్టెలో పడిందన్న రుజువు ఉండదు.

యంత్రం కొంటే ఈ తంటా తప్పుతుందా అంటే, నెదర్లాండ్స్‌లో 2006లో ఏమైందో చూడండి. ఒక పార్టీ పేరులో నెత్తిన గీత ఉన్న అక్షరం రాగానే ఓటింగ్ యంత్రం డిస్‌ప్లే వేరే తరహాలోకి మారేది. ఆ తేడా యంత్రం నుంచి బయటికొచ్చే రేడియో సంకేతంలో దొరికిపోయింది, అంటే ఆ పార్టీకి వేస్తే బయటివాళ్లకు తెలిసిపోయే వీలుంది! తర్వాత అక్కడ మళ్లీ కాగితం, ఎర్ర పెన్సిలే వచ్చాయి.

ఇక లెక్కింపు. 15 మంది వేసిన పెట్టెను విడిగా లెక్కపెట్టి ప్రకటిస్తే, 15 ఓట్లూ ఒకరికే పడిన రోజున ఎవరెటు వేశారో అడగక్కర్లేదు. చిన్న పెట్టెల్లోని కాగితాలను ఒకే బల్లమీద కుమ్మరించి, కలిపేశాకే మడతలు విప్పండి.