ఇంట్లో వెల్డింగ్ చేసుకునే అప్పర్ ఆర్మ్ కిట్: ఇనుము మంచిది, జిగ్ మాత్రం మనమే చేసుకోవాలి

అప్పర్ ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని పైభాగంలో కారు చట్రానికి కలిపే సస్పెన్షన్ చేయి. నా కారు 1960ల నాటిది. అప్పట్లో క్రాస్‌ప్లై టైర్లు, పవర్ స్టీరింగ్ లేదు. చక్రం తేలిగ్గా తిరగాలని కాస్టర్‌ను (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) సున్నాకి దగ్గరగా పెట్టారు. రేడియల్ టైర్లు వేశాక స్పీడులో కారు అటూ ఇటూ పోయేది, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి వచ్చేది కాదు. ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే పై బాల్ జాయింట్‌ను కాస్త వెనక్కి జరిపితే కాస్టర్ పెరుగుతుంది. ఈ కిట్‌లో ఆ జాయింట్ కూర్చునే గిన్నెలాంటి కప్పు ఎక్కడ పెట్టాలన్నది మన చేతుల్లోనే ఉంటుంది. తీసుకున్నది అందుకే.

సరుకు విషయంలో వంక పెట్టడానికి లేదు. 25 మి.మీ. డీఓఎం (అచ్చు మీద లాగి కొలత సరిచేసిన ఉక్కు) పైపులు, మందం 3 మి.మీ. బుష్ (ఆర్మ్ ఊగేచోట ఉండే తొడుగు) కూర్చునే గొట్టం మీద సందు లేకుండా ఆనేలా పైపు చివర్లు వంపుగా కోసి పంపారు. నేను ఒక్కచోట కూడా ఆకురాయి పెట్టలేదు.

నా బాధంతా దాంతో వచ్చిన కాగితం గురించే. 'టాక్ వేసి, చుట్టూ వెల్డ్ చేయండి' అని ఒక్క ముక్క రాశారు. టాక్ అంటే ముక్కలు నిలబడటానికి ముందుగా పెట్టే చిన్న వెల్డ్ చుక్క. ఎడమ ఆర్మ్ అలాగే చేశాను. చల్లారాక బుష్ గొట్టాల్లోంచి పోయే షాఫ్ట్ దూర్చబోతే పోలేదు. వెర్నియర్ పెట్టి చూస్తే బుష్ గొట్టం ఒకవైపు 0.4 మి.మీ. నొక్కుకుపోయింది, రెండు గొట్టాల మధ్య దూరం 2 మి.మీ. తగ్గింది. వెల్డ్ చల్లారేటప్పుడు ఇనుమును తనవైపు లాక్కుంటుందని కిట్ అమ్మేవాళ్లకు తెలియక కాదు కదా! ఆ మాట రాసి ఉంటే ఒక ఆర్మ్ పాడయ్యేది కాదు. అడిగితే పేచీ పెట్టకుండా కొత్త ముక్కలు పంపారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

రెండోసారి ముందు జిగ్ (వెల్డ్ చేసేటప్పుడు ముక్కలు కదలకుండా పట్టే అమరిక) చేసుకున్నాను. మందపాటి ఇనుప ప్లేటు, రెండు బుష్ గొట్టాల్లోంచి దూరే లేత్ పట్టిన కడ్డీ, కప్పును కదలకుండా పట్టే బోల్టు, అంతే. ప్రతి జాయింట్‌కి నాలుగు టాక్‌లు, తర్వాత ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు కొంచెం కొంచెంగా వెల్డ్. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా కడ్డీ తీయలేదు. తీశాక షాఫ్ట్ వేలితో నెడితే దూరింది.

రంగు వేసే ముందు డై పెనెట్రంట్ (కంటికి కనపడని పగుళ్లను బయటపెట్టే పరీక్ష) తప్పక చేయండి. ఎర్ర ద్రవం కొట్టి, పది నిమిషాలాగి, శుభ్రంగా తుడిచి, తెల్లటి డెవలపర్ కొట్టాను. చూస్తుండగానే కప్పు పక్కన వెల్డ్ ముగిసిన చోట, ఆ తెలుపు మీద వెంట్రుకంత ఎర్రగీత తేలింది. గ్రైండ్ చేసి మళ్లీ వెల్డ్ పెట్టాను. మామూలు కంటికి అక్కడ ఏమీ కనపడలేదు. మెరుస్తుంది కదా అని క్రోమ్ ప్లేటింగ్ చేయించకండి, ఆ పద్ధతిలో ఇనుములోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది.

కిట్‌తో వచ్చే పాలీయురెథేన్ బుష్‌లకు సిలికాన్ గ్రీజు దట్టంగా పట్టించాలి, లేకపోతే కిచకిచమంటాయి. రబ్బరు బుష్‌లంత మెత్తగా ఉండవు, చిన్న గతుకులు కూడా చేతికి తెలుస్తాయి.

బిగించాక ముందు చక్రాన్ని లోపలికి 20 డిగ్రీలు, బయటికి 20 డిగ్రీలు తిప్పి క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి ఒరిగిన కోణం) కొలిచాను. తేడా 2.4 డిగ్రీలు. దాన్ని 1.5తో గుణిస్తే కాస్టర్ సుమారు 3.6. రెండో వైపూ దాదాపు అంతే. ఇప్పుడు మలుపు దాటాక స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే చాలు, చక్కగా మధ్యకి వచ్చేస్తుంది. ఆ మొదటి రోజు ఊరికే పది మలుపులు ఎక్కువ తిరిగాను.

వెల్డింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టవద్దు. ఈ ఆర్మ్ విరిగితే చక్రం మన మాట వినదు. చేయి తిరిగినవాళ్లైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. నేను కింది ఆర్మ్‌ల కిట్ కూడా వాళ్ల దగ్గరే ఆర్డర్ పెట్టాను. అది వచ్చేలోపు జిగ్‌కి ప్లేటు కోసి ఉంచాను.